అరవై అద్దాలూ, నా పొడుగాటి ప్రార్థనా

నేను చేసిన ప్రార్థన వల్ల ఒక మనిషి వీపు కాలింది.

ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ప్రార్థన వల్ల జ్వరాలు తగ్గాయని, తప్పిపోయిన గేదెలు దొరికాయని సాక్ష్యం చెప్పినవాళ్ళను ఎందరినో విన్నాను. నేనూ చెప్పాను. ఇలాంటి సాక్ష్యం మాత్రం ఏ సంఘంలోనూ వినలేదు. ఇవాళ డాబాల మీద సోలార్ పలకలు బిగించే పనిలో చేరుతున్న కుర్రవాళ్ళు నా దగ్గరికి వచ్చి, "మీ రోజుల్లో ఇవి లేవు కదండీ" అంటుంటారు. పలకలు లేవు. ఎండ ఉంది. దాన్ని పట్టుకునే ప్రయత్నమూ ఉంది. అది ఎలా చెయ్యి జారిందో చెప్పిపోవాలని ఇది రాస్తున్నాను.

డెబ్బైల నాటి మాట. విజయవాడకు తూర్పున, కాలవ పక్కన ఉన్న ఒక మిషన్ ఆసుపత్రిలో నేను మెకానిక్‌ని. పంపు పట్టేసినా, జనరేటర్ మొరాయించినా, మంచం కోడు ఊడినా నాకే కబురు. అందరూ మేస్త్రీగారనేవారు. ఆదివారం ఆసుపత్రి ఆవరణలోని గుళ్ళో, అంటే చర్చిలో, సంఘపెద్దని. "మీరు ఆరు రోజులు యంత్రాల్ని, ఏడోరోజు మనుషుల్ని బాగుచేస్తారు" అని మా డాక్టరమ్మగారు నవ్వేవారు. ఆ మాటను నేను మెప్పుగానే తీసుకున్నాను. అందులో చురక కూడా ఉందని చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆసుపత్రికి కరెంటు కంటే, ఒక్కోసారి మందుల కంటే, ఆవిరి ముఖ్యం. ఆపరేషన్ కత్తులూ కత్తెర్లూ, కట్టుగుడ్డలూ ఆవిరి పెట్టెలో ఉడికితే తప్ప డాక్టరమ్మగారు చెయ్యి పెట్టరు. ఆ ఆవిరి కట్టెల బాయిలర్ నుంచి వచ్చేది. మైలవరం వైపు నుంచి లారీలో కట్టెలు దిగేవి. బాయిలర్ దగ్గర ముప్పై ఏళ్ళుగా ఒకే మనిషి ఉండేవాడు. మేమందరం పెద్దాయన అనేవాళ్ళం. మా సంఘం వాడు కాదు, శివభక్తుడు. నిప్పుతో మాట్లాడేవాడు. "ఏం తల్లీ, ఇయ్యాల అలిగావా?" అంటూ కట్టె ఎగదోసేవాడు.

చమురు ధరలు పెరిగాక లారీ బాడుగలు పెరిగాయి, కట్టెలు రావడం తగ్గింది. ఒక వర్షాకాలంలో లారీ నాలుగు రోజులు రాలేదు. కరెంటూ లేదు. కాన్పు కష్టమైన ఒక తల్లిని ఆపరేషన్ బల్ల మీద పడుకోబెట్టి, నర్సులు కిరోసిన్ పొయ్యి మీద గిన్నెలో కత్తులు ఉడకబెట్టారు. తల్లీబిడ్డా బతికారు. డాక్టరమ్మగారు మాత్రం బయటికి వచ్చి, నన్ను చూసి, "ఇంకోసారి నన్ను ఈ పరీక్షలో పెట్టకండి మేస్త్రీగారూ" అన్నారు. గొంతు పెద్దది చేయలేదు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అక్కడి నుంచి మొదలుపెట్టాను. దేవుడు ఉచితంగా ఇచ్చినవాటిలో ఏది ఆవిరినిస్తుందా అని వెతికాను.

ముందు గోబర్ గ్యాస్ గొయ్యి కట్టాం. మా నాలుగు గేదెల పేడకు వంటింటి పొయ్యి ఒకటి వెలిగింది, బాయిలర్‌కి చాలలేదు. చలికాలం వస్తే గేదెలతోపాటు గ్యాసూ ముడుచుకునేది. తర్వాత గాలిమర. బావిలోంచి నీళ్ళు తోడుతుందని పెట్టాం. ఆషాఢంలో పిచ్చిగా తిరిగింది, మిగతా నెలల్లో కాకులు కూర్చోవడానికి పనికొచ్చింది. కాలవ నీళ్ళు కిందికి దూకే దిగుడు దగ్గర చక్రం పెడదామని నేను గీసిన బొమ్మ చూసి డాక్టరమ్మగారు, "ఎండాకాలం కాలవ కట్టేస్తారు కదండీ, అప్పుడు జబ్బులు కూడా కట్టేస్తారా?" అన్నారు. ఊక పొయ్యి బాగానే మండింది గానీ, ఊక కోసం రైసుమిల్లు వాళ్ళను బతిమాలుకోవాలి. వీటిల్లో దేన్నీ నేను తక్కువ చేయను. ప్రతిదానికీ ఒక సెలవు కాలం ఉంది, అంతే. ఎండకు సెలవు వానాకాలంలో. మా డెల్టాలో కాలవ ఎండిపోయి, గాలి స్తంభించే నెలల్లోనే ఎండ విరగకాస్తుంది. కాబట్టి ఒకటి పడుకున్నప్పుడు ఇంకొకటి లేస్తుంది. ఈ మాట మీ పుస్తకాల్లో పెద్ద పేరుతో ఉంటుంది.

విజయవాడలో ఇంజనీరింగ్ చదివిన డాక్టరమ్మగారి బంధువొకాయన ఒక బొమ్మ గీసిచ్చాడు. దాని కిటుకు చిన్నది. ఒక అద్దం వెలుగు అరచేతిలో పడితే వెచ్చగా ఉంటుంది. పది అద్దాల వెలుగు ఒకేచోట పడితే చెయ్యి లాక్కుంటారు. అరవై అద్దాల వెలుగు ఒక నల్లటి ఇనపకుండ మీద పడితే కుండలో నీళ్ళు మరుగుతాయి. బొగ్గుతో నడిచే థర్మల్ స్టేషన్‌లోనూ నీళ్ళు కాచడమే పని, అక్కడ ఆ ఆవిరి చక్రాన్ని తిప్పి కరెంటు పుట్టిస్తుంది. మాకు చక్రం అక్కర్లేదు, ఆవిరి చాలు. ఈనాటి మీ పలకలు ఆవిరి జోలికే పోవు. ఎండ పడగానే తిన్నగా కరెంటు ఇస్తాయి. పలక మీద ఎండ కాస్త పక్కకు జరిగితే కరెంటు కాస్త తగ్గుతుంది, అంతే. మా పద్ధతిలో వెలుగు పక్కకు జరిగితే ఎక్కడో ఒకచోట పడాలి. ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

అద్దాల కోసం గవర్నర్‌పేట వెళ్ళాను. దుకాణదారు నా చీటీ చూసి కళ్ళజోడు పైకి జరిపాడు.

"అరవై అద్దాలా? మంగలి షాపులు ఎన్ని పెడుతున్నారండీ?"

"ఒకటేనండీ. సూర్యుడికి" అన్నాను.

అతను నవ్వలేదు. ఆసుపత్రి నుంచి వచ్చానని చెప్పాను గదా, ఏ వార్డు నుంచి వచ్చానో అనుకున్నట్టుంది.

ఇనపకుండను మనిషిన్నర ఎత్తు ఇటుకల స్తంభం మీద కూర్చోబెట్టాం. దానికి ఉత్తరంగా ఇరవై గజాల అవతల అద్దాలు వరసలు కట్టాం. ఒక్కోదానికి కొయ్య చట్రం, రెండు మరలు. సూర్యుడు ఆగడు కాబట్టి అద్దాలూ ఆగకూడదు. మూడు నాలుగు నిమిషాలకొకసారి మర కొంచెం తిప్పి, వెలుగును మళ్ళీ కుండ మీదికి తేవాలి. ఇప్పుడు ఎడారుల్లో వేల అద్దాలను యంత్రాలే తిప్పుతాయట. మాకు పన్నెండుమంది ఆడవాళ్ళు తిప్పేవారు. కట్టెలు చీల్చేవాళ్ళు, బట్టలుతికేవాళ్ళు. తలా అయిదు అద్దాలు. నా జీవితంలో అంత చక్కగా నడిచిన యంత్రాన్ని నేను చూడలేదు. కబుర్లు చెప్పుకుంటూనే మర తిప్పేవారు, కబురు ఎక్కడా తెగేది కాదు.

పెద్దాయనకు ఇది నచ్చలేదు. ఇక్కడ ఆయన పని ముల్లు చూడటమని చెప్పాను. ఆవిరి ఎంత ఒత్తిడిలో ఉందో చూపే గడియారం లాంటిది కుండ కింద ఉండేది, ముల్లు ఎర్రగీత దాటితే గొట్టం విప్పాలి. "మంట లేని పొయ్యి, పొగ లేని బాయిలరు. ఇదేం కాపరమండీ మేస్త్రీగారూ" అని బీడీ వెలిగించుకునేవాడు. అయినా ముల్లు మీద నుంచి చూపు తీసేవాడు కాదు.

ఆ పన్నెండుమందిలో ఒకామె గురించి చెప్పాలి. వార్డు దుప్పట్లు ఉతికేది. మా సంఘం మనిషే. నాకంటే పదేళ్ళు పెద్ద. ఆమెకు ఒక అలవాటు ఉండేది, ప్రార్థనలో కళ్ళు మూసేది కాదు. అంతకు ముందు ఏడాది గుళ్ళో, ప్రార్థన అయ్యాక, ఆమెను లేపి నిలబెట్టాను.

"ఏమ్మా, దేవుడితో మాట్లాడేటప్పుడు కూడా దిక్కులు చూడాలా?"

"కళ్ళు మూస్తే నిద్దరొస్తదండీ. తెల్లారగట్ల మూడింటికి లెగుస్తాను గదండీ" అంది.

సంఘమంతా నవ్వింది. నేను నవ్వలేదు. ప్రార్థనలో కళ్ళు తెరవకూడదు, కదలకూడదు, మాట్లాడకూడదు అని ఆమెతో అందరి ముందూ చెప్పించాను. మూడు ముక్కలూ ఆమె అప్పజెప్పింది. నేను తృప్తిగా కూర్చున్నాను.

అద్దాల బాయిలర్ రెండు నెలలు నడిచింది. ఏప్రిల్‌లో విజయవాడ నుంచి బాయిలర్లు తనిఖీ చేసే ఇంజనీరుగారు వస్తున్నారని కబురొచ్చింది. ఆయన సరే అంటే ఇది ఉంటుంది, కాదంటే పీకేయాలి. పీకేస్తే మళ్ళీ కట్టెల లారీ కోసం రోడ్డు వైపు చూపులే. డాక్టరమ్మగారు నన్ను పిలిచి, "బాగా జరిగేలా చూడండి" అన్నారు. పాస్టరుగారు ఊళ్ళో లేరు, ప్రారంభ ప్రార్థన కూడా నన్నే చేయమన్నారు. "చిన్నదిగా" అని ఒక మాట కలిపారు.

ఇంజనీరుగారు నీడన కూర్చునే ముల్లు చూడాలి కదా అని, స్తంభానికి తూర్పున చెయ్యి చాపినంత దూరంలో తాటాకు పందిరి వేయించాను. ముందురోజు సాయంత్రం దుప్పట్లామె వచ్చి పందిరి కేసి చూసింది.

"మేస్త్రీగారూ, ఇటుపక్కొద్దండీ. పొద్దు పడమరకి పోతుంటే అద్దంలో వెలుగు తూరుపుకి జారుద్ది."

ఆ సంగతి నాకు తెలుసు. అద్దంలో కుడి ఎడమవుతుంది, ఎవరికి తెలియదు?

"మీరందరూ తిప్పుతూ ఉండగా ఎలా జారుద్దమ్మా?" అన్నాను.

ఆమె పందిరి కేసి ఇంకోసారి చూసి వెళ్ళిపోయింది.

మర్నాడు పదిన్నరకు ఇంజనీరుగారు వచ్చి పందిట్లో కూర్చున్నారు. పక్కన డాక్టరమ్మగారు. పెద్దాయన తలపాగా తీసి చంకలో పెట్టుకుని, పందిరి అంచున, ముల్లు కింద నిలబడ్డాడు. పన్నెండుమందీ ఉతికిన చీరల్లో అద్దాల వెనక ఉన్నారు. అరవై వెలుగులూ కుండ మీద ఒక్క ముద్దలా ఉన్నాయి. దాన్ని సూటిగా చూడలేం. ముల్లు లేచింది. ఆవిరి చిన్నగా ఈల వేసింది. ఇంజనీరుగారు, "భలే ఉందండీ" అన్నారు.

అందరూ తలలు వంచండి, కళ్ళు మూసుకోండి అన్నాను. మొదలుపెట్టాను.

ఆ ప్రార్థన దేవుడికి చేస్తున్నట్టే ఉంది గానీ, వింటున్నది ఇంజనీరుగారని నాకు తెలుసు. నీళ్ళ కోసం స్తోత్రం చేశాను, ఆ నీళ్ళు ఎండాకాలం ఎందుకు రావో కూడా దేవుడికి విన్నవించాను. గాలి కోసం స్తోత్రం, గాలిమర కథంతా చెప్పాను. పశువుల కోసం, వాటి పేడ కోసం. ఊక కోసం. ఆ తర్వాత సూర్యుడి దగ్గరికి వచ్చాను. పూర్వం ఒక యుద్ధంలో దేవుడు సూర్యుణ్ణి ఆకాశం మధ్యన ఆపాడని మా లేఖనాల్లో ఉంది. ఆ కథ ఎత్తుకున్నాను. సూర్యుణ్ణి ఆపినవాడా అంటూ గొంతు పెంచాను. నా తలపైన సూర్యుడు మాత్రం నా కోసం ఆగలేదు. పావుగంట అయ్యుంటుంది. పెద్దాయన తర్వాత లెక్క చెప్పాడు, రెండు బీడీల సేపట.

ఆమేన్ అనకముందే చిటపటమని చప్పుడు వచ్చింది. ఎవరో చప్పట్లు కొడుతున్నారనుకున్నాను. నిజంగానే అలా అనుకున్నాను. కళ్ళు తెరిచాను.

పందిరి అంచు మండుతోంది. పగటి ఎండలో మంట సరిగా కనబడదు. తాటాకు నల్లబడి ముడుచుకుపోతూ ఉంది, దాని పైన గాలి వణుకుతోంది. ఒక మండే మట్ట విరిగి పెద్దాయన వీపు మీద పడింది. ఆయన అరవలేదు. ఎవరో వెనక నుంచి పిలిచినట్టు తిరిగి చూశాడు. చొక్కాకు అంటుకుంది.

ఇంజనీరుగారు బయటికి దూకారు. డాక్టరమ్మగారు పెద్దాయన్ని కింద పడేసి తన చీర కొంగుతోనే మంటను అణిచారు. జనం బావి వైపు బిందెల కోసం పరుగెత్తారు. రెండు బిందెలు పోశారు. తడిసిన తాటాకు పొగలు కక్కి, మా కళ్ళ ముందే మళ్ళీ అంటుకుంది. పోస్తే ఆరడం, మళ్ళీ అంటుకోవడం. ఎవరికీ అర్థం కాలేదు. నేను ప్రార్థనకు ఎత్తిన చెయ్యి ఇంకా దించలేదు. పదేళ్ళు యంత్రాలు బాగుచేసిన నా చేతులకు ఏం చేయాలో తట్టలేదు.

అప్పుడు అద్దాల వెనక నుంచి కేక వినిపించింది.

"నీళ్ళు తర్వాతే! ముందు అద్దాలు కప్పండే! దుప్పట్లు, దుప్పట్లు తెండి!"

దుప్పట్లామె. తాను ఉతికి ఆరేసిన వార్డు దుప్పట్లను తాడు మీంచి లాగి అద్దాల మీదికి విసురుతోంది. మిగతావాళ్ళకు అప్పుడు తెలివొచ్చింది. దుప్పట్లు చాలకపోతే చట్రాలను నేలకేసి తోశారు. వెలుగు పోయింది. తర్వాతి బిందెకు మంట ఆరింది, మళ్ళీ లేవలేదు.

పెద్దాయన్ని స్ట్రెచర్ మీద తీసుకుపోతుంటే నేను పక్కన నడిచాను. బోర్లా పడుకుని, మెడ తిప్పి నన్ను చూశాడు.

"ముప్పయ్యేళ్ళలో నా పొయ్యి నన్నొక్కసారి ముట్టుకోలేదు మేస్త్రీగారూ. మీ పొయ్యికి మంటే లేదనుకున్నా."

నేను వార్డు లోపలి దాకా స్ట్రెచర్ పక్కనే నడిచాను.

బయటికి వచ్చేసరికి అందరూ వెళ్ళిపోయారు. నల్లబడ్డ గుంజలు, తడి బూడిద. ఊరికే కుండ వైపు చూశాను. కుండ మీద ఇంకా ఒక చిన్న వెలుగు ఉంది. నడిమధ్యన, సరిగ్గా ఉండాల్సిన చోట. అరవై అద్దాలూ కప్పేశారనుకున్నాను. వరసల్లోకి వెళ్ళి చూస్తే, అయిదు అద్దాలకు దుప్పట్లు లేవు. వాటి వెనక ఆమె మర మీద చెయ్యి వేసి నేల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి, చేతులు కొంగులో దాచుకుంది.

"ఈ అయిదూ నీవేనా అమ్మా?"

"నాయేనండీ."

"వీటి వెలుగు జారలేదే?"

ఆమె తల వంచుకుంది. "తప్పయిపోయిందండీ. కళ్ళు తెరిచాను."



"ఎప్పుడు?"

"మీరు గాలిమర కాడ ఉన్నప్పుడండీ. కుండ మీంచి వెలుగు దిగిపోతంది. నా అయిదూ చప్పుడు కాకుండా తిప్పుకున్నా. పక్కదాన్ని గిల్లాను కూడా. అది కళ్ళు తెరవలా."

"మరి అరవలేదేమమ్మా? ఒక్క కేక పెడితే అయిపోయేదిగా!"

ఆమె నా మొహంలోకి చూసింది. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. పాఠం అప్పజెప్పే గొంతు.

"ప్రార్థనలో కళ్ళు తెరవకూడదు, కదలకూడదు, మాట్టాడకూడదని మీరేగా చెప్పించారండీ నాచేత. రెండు తప్పులు అప్పటికే చేశాను. మూడోది కూడా ఎందుకులే, మీరు ముగించేస్తారు అనుకున్నా."

గాలిమర తర్వాత పశువులు, పశువుల తర్వాత ఊక, ఊక తర్వాత సూర్యుడు. అంతసేపూ ఆమె వెలుగు జారడం చూస్తూ, నా ఆమేన్ కోసం ఎదురుచూసింది. నేనేమో సూర్యుణ్ణి ఆపినవాడికి స్తోత్రం చేస్తున్నాను. నేను ఆ అద్దాల మధ్యనే కూలబడ్డాను. ఆమె కంగారుపడి, "మంచినీళ్ళు తేనా అండీ?" అంది.

పెద్దాయన మూడు వారాలు వార్డులో బోర్లా పడుకున్నాడు. ఆయన కట్లకు కావలసిన ఆవిరి ఆయన కట్టెల పొయ్యే ఇచ్చింది. ఆ మూడు వారాలూ పొయ్యి ఎగదోసింది నేను. నిప్పుతో ఏం మాట్లాడాలో నాకు తెలియలేదు. ఆయన లేచి వచ్చాక మొదటి రోజే నన్ను పక్కకు తోసి, "దాన్ని చిక్కిపోయేలా చేశారు" అన్నాడు. వీపు మీద మచ్చ మాత్రం చివరిదాకా ఉంది.

మంట రేగిన ఆ వారమే, ఆదివారం గుళ్ళో నేను లేచి నిలబడ్డాను. ఎవరూ నిలబెట్టలేదు. అంతకు ముందు ఏడాది ఆమెను నిలబెట్టిన చోటనే నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పాను. నన్ను క్షమించమని ఆమెను అడిగాను. మా లేఖనాల్లో మెలకువగా ఉండమన్న మాట ప్రార్థించమన్న మాటకు ముందే ఉందని అంతకు ముందు ఎన్నిసార్లు బోధించానో. నా చెవిన మాత్రం ఆ రోజే పడింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఊరుకోండయ్యా" అంది. ఆ రోజు నుంచి ఆమెను మీరు అనేవాణ్ణి. ఆమెకు అది నచ్చేది కాదు.

ఇంజనీరుగారు పీకేయమనలేదు. తాటాకు దగ్గరికి రానీయవద్దని, అద్దాలు వాడుతున్నంతసేపూ పని చేసేవాళ్ళకు ఇంకో పని చెప్పవద్దని రాశారు. ప్రార్థన అనే మాట ఆయన రాయలేదు, మర్యాదస్తుడు. వానలు వెళ్ళాక మళ్ళీ మొదలుపెట్టాం. కరెంటు సరిగా వచ్చి, కరెంటుతో నడిచే ఆవిరి పెట్టె కొనేదాకా నడిచింది. అన్నాళ్ళూ ఆవరణలో ఎవరు ప్రార్థన చేసినా ఒక మనిషి కళ్ళు తెరుచుకుని ఉండాలని నియమం పెట్టాను. ఆ ఉద్యోగం ఆమెకే ఇచ్చాను. ఆమె చూపు కుండ మీద నుంచి కదిలేది కాదు. నిద్ర కూడా వచ్చేది కాదట.

ఆమె పోయి చాలాకాలమైంది. మొన్న ఆదివారం కొత్త పాస్టరుగారు, కుర్రవాడు, ఆరాధన అయ్యాక నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నారు. "పెద్దవారు, చెప్పకూడదు గానీ, ప్రార్థనలో మీరు కళ్ళు తెరిచే ఉంచుతున్నారండీ. వెనక పిల్లలు చూస్తున్నారు."

"తప్పేనండీ" అన్నాను.

వచ్చే ఆదివారమూ తెరిచే ఉంచుతాను.